పుస్తకం సన్నం, పేచీ లావు

(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

పోయిన సంచికలో అమెరికన్ ఫాంటసీ రచయిత ప్యాట్రిక్ రోత్‌ఫస్ రాసిన ‘ది స్లో రిగార్డ్ ఆఫ్ సైలెంట్ థింగ్స్’ అనే చిన్న పుస్తకాన్ని నాలుగు వాక్యాల్లో పరిచయం చేశాం. లావాటి ఫాంటసీ నవలల వరసకు పక్కవాటుగా వచ్చే ఇలాంటి సన్నపుస్తకాలను కంపానియన్ బుక్ అంటారు. మేం తోడు పుస్తకం అంటున్నాం. ఆ నాలుగు వాక్యాలకే బెంగళూరు నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొన్ని తిట్లు, కొన్ని మెచ్చుకోళ్లు. మిగతావన్నీ ‘ఇంతకీ దేని తర్వాత ఏది చదవాలి మహాప్రభో’ అన్న మొరలు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రెండు పెద్ద సంపుటాలు నమిలి మింగి, మూడోదానికోసం ఏళ్ల తరబడి కాచుక్కూచున్నవాణ్ని. మీ పరిచయం చూసి ఈ చిన్నది కొన్నాను. నూట యాభై పైచిలుకు పేజీల్లో ఒకమ్మాయి గదులు సర్దుకుంటుంది, సబ్బు చేసుకుంటుంది. అంతే! సంభాషణ ఒక్కటి లేదు. ఇది పాఠకుణ్ని మోసం చేయడం కాదా? – మారతహళ్లి పాఠకుడు

జవాబు: మోసం అనాలంటే అమ్మినవాడు సరుకు లోపం దాచిపెట్టి ఉండాలి. ఈ రచయిత దాచలేదు సరికదా, ముందుమాట మొదలుపెట్టడమే ‘మీరీ పుస్తకం కొనకపోతేనే మంచిదేమో’ అన్న ధోరణిలో పెట్టాడు. పెద్ద నవలలు చదవనివాళ్లు దీనితో మొదలుపెట్టొద్దన్నాడు. చదివినవాళ్లకు కూడా ఇది మామూలు కథలా ఉండదన్నాడు. ముందుమాటను పెళ్లి శుభలేఖలో శ్లోకంలా దాటేసి లోపలికి దూకినవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలిందని మీ ఉత్తరాలన్నీ కలిపి చూస్తే తెలుస్తోంది.

అయినా మీ కోపానికి కారణం లేకపోలేదు. ‘ది నేమ్ ఆఫ్ ది విండ్’ 2007లో వచ్చింది, ‘ది వైజ్ మ్యాన్స్ ఫియర్’ 2011లో. జనం మూడోదానికోసం వీధి గుమ్మంలో నిలబడి చూస్తుంటే 2014 అక్టోబరులో ఇది వచ్చింది. విస్తరి వేసి, మంచినీళ్లు పెట్టి, అన్నం రాకముందే ఊరగాయ వడ్డించి వెళ్లిపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఊరగాయ రుచి సంగతి అప్పుడు ఎవరికీ పట్టదు. ఈ పుస్తకం మీద వచ్చిన తిట్లలో చాలామటుకు వడ్డించిన వేళ మీద పడాల్సినవి.

ఇక లోపల ఏముందో చూద్దాం. ఆ పెద్ద నవలల్లోని విశ్వవిద్యాలయం కింద పాడుబడ్డ సొరంగాలు, గదులు, నీటి గొట్టాలు ఉన్నాయి. ఆ చోటిని అండర్‌థింగ్ అంటుంది ఆరీ అనే ఆ అమ్మాయి. అక్కడ ఒంటరిగా బతుకుతుంది. ఏడో రోజున ‘అతను’ వస్తాడని ఆమెకు తెలుసు. ఈలోగా అతనికి ఇవ్వడానికి సరైన కానుక దొరకాలి. అతని పేరు పుస్తకంలో ఎక్కడా రాదు. పెద్ద నవలలు చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు, చదవనివాళ్లకు చెప్పినా లాభం లేదు. ఒక అధ్యాయమైతే మొత్తం ఒక్కటే వాక్యం. మూడో రోజున ఆమె ఏడ్చింది, అంతే.

ఇప్పుడు ఆమెకు దొరికే ఒక ఇత్తడి చక్రం సంగతి తీసుకోండి. నీళ్లడుగున దొరుకుతుంది. పళ్ల చక్రం, చేతికి బరువు. తొమ్మిది పళ్లు మెరుస్తుంటాయి, ఒక పన్ను విరిగిపోయింది. ఆరీ దాన్ని గుండెకు హత్తుకుని గదిగదికీ మోస్తుంది. ఒకచోట పెడుతుంది, కుదరదు, మళ్లీ ఎత్తుకుంటుంది. అది ఎక్కడుండాలో అక్కడ చేరేదాకా ఆమెకు నిలకడ ఉండదు. ఈ పుస్తకంలో ‘ఏం జరిగింది’ అని అడిగితే జవాబు ఇదే. పండగ ముందు ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమి, ఏ చెంబు ఏ గూట్లో ఉండాలో ఆ గూట్లోనే పెట్టి, ఎవరైనా అంగుళం జరిపితే గొడవపడే పెద్దావిడ ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు ఉండేది. ఆవిణ్ని ఎరిగినవాళ్లకు ఆరీ వింతగా అనిపించదు.

ఇంకోసారి ప్రయత్నించే ఓపికుంటే ఇలా చేయండి. కథ కోసం వెతకడం మానేసి వస్తువుల వెంట పడండి. ఒక చీటీ మీద మూడు గడులు గీసుకోండి: వస్తువు, దొరికిన గది, చివరికి చేరిన గది. చక్రం, తాళంచెవి, సీసా, ఎదురైనవల్లా రాసుకోండి. గదుల పేర్లు మాంటిల్, పోర్ట్ అంటూ రెండర్థాల మాటలుగా ఉంటాయి, వాటి దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒక్క కూర్చోవడంలో లాగించొద్దు. కథలో రోజు మారినచోట పుస్తకం మూసి, మర్నాడు తెరవండి. మొత్తమ్మీద మూడు గంటల చదువుకు మించదు. వైట్‌ఫీల్డ్ నుంచి ఎం.జి. రోడ్డుకు పర్పుల్ లైన్‌లో రోజూ వెళ్లివచ్చేవాళ్లకు వారంలో తీరిపోతుంది. అప్పటికీ నచ్చకపోతే నిక్షేపంగా అమ్మేయండి. ఇది అందరికోసం రాసిన పుస్తకం కాదని వెనకమాటలో రచయితే ఒప్పుకున్నాడు.

ప్రశ్న: నేను పెద్ద నవలలు ముట్టుకోలేదు. స్నేహితురాలి దగ్గర ఈ చిన్నది తీసుకుని చదివాను, చాలా నచ్చింది. అందరూ తిడుతుంటే నాకే ఏదో తేడా ఉందేమోనని అనుమానం. – జయనగర్ పాఠకురాలు

జవాబు: తేడా ఏమీ లేదు. మీకు ఎదురుచూపు లేదు కాబట్టి నిరాశా లేదు. ఇది శబ్దం మీద నడిచే పుస్తకం, పైకి చదివితే ఇంకా బావుంటుంది. అయితే ఆ అమ్మాయి మనుషుల్ని చూస్తే ఎందుకు పారిపోతుందో, ఆ కానుకల ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కడ మొదలయ్యాయో మీకు తెలియలేదు. అది తెలియాలంటే ‘ది నేమ్ ఆఫ్ ది విండ్’ చదవాలి. ఒక్క హెచ్చరిక: అందులో ఆరీ సగం దాటాక గాని కనిపించదు. ఆమె కోసమే మొదలుపెట్టి, నూరో పేజీ దగ్గర ‘ఏదీ, ఎక్కడా లేదే’ అని వదిలేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. హ్యారీ పాటర్ ఐదో పుస్తకంలో ఉంది. చర్చ్ స్ట్రీట్‌లో ఒక పాత పుస్తకాల షాపులో ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్’, ‘క్విడిచ్ త్రూ ది ఏజెస్’ రెండూ కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మొదటిదాంట్లో పేజీపేజీకీ ఎవరో పెన్నుతో గీకి ఉంది. రెండోది ఏదో లైబ్రరీది, ముందు పేజీలో తీసుకెళ్లినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. షాపాయన ‘అది అంతేనమ్మా’ అంటున్నాడు. దొంగసరుకేమో అని భయం. – మల్లేశ్వరం నుంచి ఒక తల్లి

జవాబు: షాపాయన చెప్పింది నిజమేనమ్మా. తిప్పి ఇవ్వకండి, మీకు దొరికింది మంచి ముద్రణ.

ఈ రెండూ 2001లో కామిక్ రిలీఫ్ అనే బ్రిటిష్ దాతృత్వ సంస్థకు నిధుల కోసం జె.కె. రోలింగ్ రాసినవి. కథలోని పిల్లలు చదివే పుస్తకాలే మన చేతికి వచ్చినట్టుగా తయారుచేశారు. మొదటిది హ్యారీ పాఠ్యపుస్తకం, కాబట్టి అతనూ స్నేహితుడు రాన్ కలిసి దాని మీద రాసిన పిచ్చిరాతలు కూడా అచ్చులోనే ఉన్నాయి. రెండోది వాళ్ల బడి హాగ్వర్ట్స్ లైబ్రరీ ప్రతి, అందుకే ఆ పేర్ల జాబితా. అందులో మీ అమ్మాయికి బాగా తెలిసిన పేర్లు కనబడతాయి, చూడమనండి.

అచ్చు రాతో, నిజంగా ఎవరో గీసిందో తేల్చుకోవడం తేలిక. పేజీ వెనక వేలితో నిమరండి. బాల్‌పెన్ను రాతైతే వెనక గాడి తగులుతుంది, అచ్చు నున్నగా ఉంటుంది. తడి దూది ఒక మూల అద్దితే ఇంకు పెన్ను రాత పాకుతుంది, అచ్చు పాకదు. ఇంకో ఆనవాలు చెబుతాం. ఆక్రోమాంట్యులా అనే రాకాసి సాలీడు దగ్గరికి వెళ్లండి. జంతువు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఆ పుస్తకంలో ఇంటూ గుర్తులు వేస్తారు, ఐదుంటే అంతకు మించింది లేదని. దీనికి ఐదు గుర్తులు అచ్చయి ఉంటే, వాటి పక్కన చేత్తో గీసినట్టు మరికొన్ని ఇంటూలు ఉంటాయి. సాలీడంటే హడలిపోయే రాన్ పని అది! అది కనిపిస్తే మీ ప్రతి అసలుదే. 2017లో వచ్చిన కొత్త ముద్రణలో ఆరు కొత్త జంతువులు చేర్చారు గానీ ఈ గీతలు తీసేశారు. మా ఓటు గీతలున్నదానికే.

ఈ రెండూ అమ్మాయి ఇప్పుడే చదువుకోవచ్చు, కథలో రహస్యాలేవీ బయటపడవు. రోలింగ్ రాసిన మరో తోడు పుస్తకం ‘ది టేల్స్ ఆఫ్ బీడిల్ ది బార్డ్’ మాత్రం ఏడో పుస్తకం అయ్యాకే ఇవ్వండి. అందులోని ఐదు కథల్లో ముగ్గురు అన్నదమ్ముల కథ ఏడో పుస్తకానికి ఇరుసు లాంటిది, అది అక్కడే మొదటిసారి వినాలి. చేత్తో రాసి బొమ్మలు వేసిన ప్రతులు 2007లో ఏడే తయారయ్యాయి, వాటిలో ఒకటి వేలంలో 19.5 లక్షల పౌండ్లు పలికింది. అందరికీ దొరికే ముద్రణ 2008 డిసెంబరులో వచ్చింది.

ప్రశ్న: ఏ తోడు పుస్తకం ఏ పెద్ద పుస్తకం తర్వాత చదవాలి? ఒక పట్టిక ఇవ్వగలరా? నేనైతే ఒకే కథను రెండు అట్టల్లో రెండుసార్లు కొన్నాను. – వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: పట్టిక ఇస్తే మూడు నెలల్లో పాతబడుతుంది. మీరు ఏ వరస చదువుతున్నారో కూడా రాయలేదు. ఎక్కువమంది తడబడ్డ మూడింటి సంగతి చెబుతాం.

బ్రాండన్ శాండర్‌సన్ ‘ఎడ్జ్‌డాన్సర్’ ఆయన ‘స్టార్మ్‌లైట్ ఆర్కైవ్’ నవలల వరసకు తోడు పుస్తకం, దాన్ని కచ్చితంగా ఆ వరసలోని ‘వర్డ్స్ ఆఫ్ రేడియన్స్’ తర్వాత, ‘ఓత్‌బ్రింగర్’ ముందు చదవాలి. దాటేస్తే ‘ఓత్‌బ్రింగర్’లో కొందరు మనుషులు మారిపోయి కనబడతారు, ఎందుకో అర్థం కాదు. మీరు రెండుసార్లు కొన్నది బహుశా ఇదే. ఇది మొదట 2016లో ‘ఆర్కేనమ్ అన్‌బౌండెడ్’ అనే సంకలనంలో వచ్చి, 2017లో విడిగా చిన్న అట్టలో వచ్చింది. ‘డాన్‌షార్డ్’ (2020) ‘ఓత్‌బ్రింగర్’కీ ‘రిథమ్ ఆఫ్ వార్’కీ మధ్యది.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ నైట్ ఆఫ్ ది సెవెన్ కింగ్‌డమ్స్’కు ఈ బాధ లేదు. అది ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’తో మొదలయ్యే పెద్ద కథకు సుమారు తొంభై ఏళ్ల ముందు జరుగుతుంది. పెద్ద నవలల లావు చూసి జంకేవాళ్లు దీనితోనే మొదలుపెట్టవచ్చు. కొత్తవాళ్లకు మేం ధైర్యంగా చేతికిచ్చే తోడు పుస్తకం ఇదొక్కటే. అయితే ఇందులోని మూడు కథలూ 1998, 2003, 2010లలో వేరే సంకలనాల్లో వచ్చినవే. వాటిని 2015లో ఒక్క అట్టలో పెట్టారు. ఆ సంకలనాలు మీ దగ్గరుంటే బొమ్మల కోసం తప్ప ఇది కొనక్కర్లేదు.

రోత్‌ఫస్‌దే 2023లో వచ్చిన ‘ది న్యారో రోడ్ బిట్వీన్ డిజైర్స్’ కూడా పూర్తిగా కొత్తది కాదు. 2014 నాటి ‘ది లైట్‌నింగ్ ట్రీ’ అనే కథను పెంచి, తిరగరాసినది.

కాబట్టి కొనేముందు షాపులోనే ఒక్క నిమిషం కేటాయించండి. శీర్షిక పేజీ వెనక కాపీరైటు వివరాలుంటాయి. అక్కడ ఒకటికి మించి సంవత్సరాలు కనిపించినా, ‘ఇంతకుముందు ఫలానా సంకలనంలో వచ్చింది’ అన్న వాక్యం ఉన్నా ఆగండి. తర్వాత ముందుమాట మొదటి పేజీ, ఆపైన పుస్తకం నడుమ ఎక్కడో ఒక పేజీ పూర్తిగా చదవండి. మొదటి పేజీ చూసి కొనొద్దు, మొదటి పేజీ అందరూ బాగానే రాస్తారు.

ప్రశ్న: ‘స్లో రిగార్డ్’లో సబ్బు చేసుకునే ఘట్టం చదివాక చేసి చూడాలనిపించింది. బూడిదతో నిజంగా సబ్బు అవుతుందా? – బనశంకరి నుంచి ఇంజినీరింగు విద్యార్థిని

జవాబు: అవుతుంది. కానీ సంతలో కొనే సబ్బుబిళ్లలా గట్టిగా రాదు, అదీ మొదటి పేచీ.

గట్టి కట్టెలు పూర్తిగా కాలిన తెల్లబూడిద కావాలి. జల్లించి, అడుగున చిల్లున్న కుండలో గడ్డి పరిచి, దానిమీద బూడిద నింపి, పైనుంచి వాననీళ్లు కొంచెం కొంచెంగా పోస్తే కింద క్షారం బొట్టుబొట్టుగా దిగుతుంది. బోరు నీళ్లు వాడొద్దు. బెంగళూరులో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినజలం. అందులోని కాల్షియం సబ్బును పట్టేసి తెల్లటి తెట్టు కడుతుంది, నురగ రాదు. దిగిన నీళ్లలో కోడిగుడ్డు వేస్తే రూపాయి బిళ్లంత మేర పైకి తేలాలి. మునిగితే పలచన, ఇంకా మరిగించాలి. మరీ పైకి తేలితే ఘాటు ఎక్కువ, నీళ్లు కలపాలి. దాన్ని కొవ్వుతో కలిపి గంటల తరబడి కాచితే చివరకు ముద్దలాంటి మెత్తటి సబ్బు వస్తుంది. బూడిదలో ఉండేది పొటాషియం క్షారం, దాని సబ్బు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. గట్టిపడాలంటే కాగుతున్నప్పుడు ఉప్పు వేయాలి. సోడియం వచ్చి పొటాషియం స్థానంలో కూర్చుంటుంది, సబ్బు పైకి తేలి గడ్డకడుతుంది.

చిక్కంతా కొలత దగ్గరే. బూడిద బూడిదకీ ఘాటు మారుతుంది. క్షారం ఎక్కువైతే చర్మం కాలుతుంది. తక్కువైతే నూనె మిగిలిపోయి నాలుగు రోజులకు ముక్కవాసన వేస్తుంది. అల్యూమినియం గిన్నె అస్సలు పనికిరాదు. క్షారం దాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

చేసే తీరాలనుకుంటే కొలత తెలిసిన పద్ధతి పట్టండి. కొబ్బరినూనె 500 గ్రాములు, కాస్టిక్ సోడా 87 గ్రాములు, శుద్ధజలం 180 గ్రాములు. తూకానికి గ్రాము వరకు చూపించే త్రాసు కావాలి, చెంచాలతో కుదరదు. సోడాను నీళ్లలో వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు, తెరిచిన కిటికీ, ఇంట్లో పిల్లలుంటే తలుపు గడియ. నూనె, సోడా నీళ్లు రెండూ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి, మజ్జిగ పులుసంత చిక్కబడేదాకా తిప్పి అచ్చుల్లో పోయండి. మర్నాడు కోసి, నాలుగు వారాలు గాలికి ఆరనివ్వండి. అప్పటిదాకా ఒంటికి వాడొద్దు. వట్టి కొబ్బరినూనె సబ్బు కాస్త పొడిబారుస్తుంది, బట్టలకు మాత్రం భేషు.

ఆ ఘట్టం విసుగు అన్నవాళ్లకు ఒక మాట. ఆరీ ఒకప్పుడు ఆ విద్యాలయంలోనే చదువుకున్న పిల్ల అని పెద్ద నవలల్లో నీడలా ఉన్న సంగతి ఇక్కడ చేతిపనిలో కనబడుతుంది. ఇది చెప్పడానికి రచయిత ఒక్క వాక్యం వాడి ఉండొచ్చు. సబ్బు చేయించాడు. మాకు అదే నచ్చింది.

ప్రశ్న: తెలుగులో ఒక ఫాంటసీ నవల రాసి సొంతంగా అచ్చేయించాను, 400 పేజీలు. రెండో భాగం ఆలస్యమవుతోంది. ఈలోగా ఒక తోడు పుస్తకం తెద్దామని ఆలోచన. ఎన్ని పేజీలుండాలి, ఏం పెట్టాలి? – కె.ఆర్. పురం రచయిత

జవాబు: ముందు ‘ఈలోగా’ అన్న మాట తీసేయండి. మొదటి ప్రశ్న అడిగిన మారతహళ్లి పెద్దమనిషి కోపం మళ్లీ ఒకసారి చదవండి. రెండో భాగం ఎప్పుడొస్తుందో అట్ట లోపల ఒక వాక్యంలో రాసి, ఆ తర్వాతే ఈ పుస్తకం అమ్మండి. తేదీ తెలియకపోతే ‘ఇది రెండో భాగం కాదు’ అని అట్ట మీదే వేయండి. అమ్మకం కాస్త తగ్గుతుంది, తిట్లు చాలా తగ్గుతాయి.

ఏం పెట్టాలన్నదానికి మూడు దారులు పనిచేసినట్టు కనబడుతోంది. ముందుకాలానికి వెళ్లడం ఒకటి, పెద్ద కథలో మూలన నిలబడ్డ మనిషిని పట్టుకోవడం రెండు, ఆ లోకంలోని ఒక వస్తువునో పుస్తకాన్నో అలాగే చేతికివ్వడం మూడు. వీటిలో ఒక్కటే ఎంచుకోండి. రాజవంశ వృక్షం, పదకోశం, ఆయుధాల జాబితా, వంటకాలు అన్నీ కలిపి కట్టిన పుస్తకాన్ని మీ వీరాభిమానులు పదిమంది దాచుకుంటారు, చదవరు.

రహస్యాల విషయంలో జాగ్రత్త. రెండో భాగం అర్థం కావడానికి తప్పనిసరైన సంగతి ఒక్కటి కూడా ఇందులో దాచకండి. చిన్నది కొననివాడికి పెద్దది కుంటుపడుతుంది, వాడు మిమ్మల్ని క్షమించడు. అలాగని పెద్దదాంట్లో చెప్పిందే మళ్లీ చెప్పినా కుదరదు. నలోపాఖ్యానం తీసేసినా పాండవుల కథ ఆగదు. ఉంటే మాత్రం అడవిలో కూర్చున్న ధర్మరాజు జూదం వేరేలా కనబడుతుంది. మీకు కావలసింది ఆ కొలత. కాకపోతే వ్యాసుడు ఉపాఖ్యానానికి విడిగా వెల పెట్టలేదు, మీరు పెడుతున్నారు. అందుకే మొదలూ చివరా కలిగిన కథ అందులో ఉండాలి.

ఇక లెక్కలు. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డుల వాళ్లు ఇంగ్లీషులో 17,500 నుంచి 40,000 మాటల దాకా నవెల్లా, అంటే చిన్న నవల అంటారు. తెలుగులో ఆ అంకెలు పట్టుకోకండి. ఇంగ్లీషులో మూడు మాటలు మోసే బరువు మనకు ఒక్క మాట మోస్తుంది. డెమీ 1/8 సైజులో, 12 పాయింట్ల అక్షరంతో పేజీకి సుమారు 180 మాటలు పడతాయి. 16 పేజీల ఫారాలు (ఒక్కో పెద్ద కాగితాన్ని మడిచి చేసే కట్టలు) ఆరు వేస్తే 96 పేజీలు. ముందు పేజీలకు 6, బొమ్మలకు 6 పోతే 84 మిగులుతాయి, అంటే 15,000 మాటలు. కథ 98వ పేజీకి వెళ్లిందంటే రెండు పేజీల కోసం అదనపు ఫారం ఖర్చు పడుతుంది. కోసేయండి.

80 జీఎస్ఎం మాప్‌లిథో కాగితం మీద 96 పేజీల పుస్తకం వీపు మందం 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. ఆ వీపు మీద పేరు వేయాలని ముచ్చటపడి చాలామంది దెబ్బతింటారు. అట్ట మడత ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, పేరు ముందట్ట మీదికి ఎక్కి కూర్చుంటుంది. చిన్న అక్షరాలతో వేయండి, లేదా వదిలేయండి. 64 పేజీల లోపైతే సెంటర్ పిన్ (నడిమి మడతలో పిన్నులు కొట్టడం) వేయించుకోవచ్చు, అప్పుడు మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. ఇందులో లోపలి కాగితాలు బయటికి తోసుకొస్తాయి, అంచు కోసినప్పుడు నడిమి పేజీల మార్జిన్ తగ్గుతుంది. పేజీ నంబర్లు అంచుకు మరీ దగ్గరగా పెట్టొద్దు.

పటం ఉంటుంది కదా, ఫాంటసీ అన్నాక. వీపుకు జిగురు పెట్టి అట్ట అంటించే పర్ఫెక్ట్ బైండింగ్‌లో పటాన్ని రెండు పేజీల మీద పరిస్తే నడుమ ఉన్న రాజధాని జిగురులోకి పోతుంది. ఒక్క పేజీలో అడ్డంగా తిప్పి వేయండి, లేదా అట్ట లోపలివైపు వేయండి. సెంటర్ పిన్ అయితే సరిగ్గా నడిమి పేజీల్లో పరవచ్చు, అక్కడ అది ఒకే కాగితం.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరైన ఐఎస్‌బీఎన్‌కు ఎవరికీ డబ్బు ఇవ్వకండి, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఈ పుస్తకానికి విడి నంబరు కావాలి, పెద్ద నవలది వాడకూడదు.

ప్రశ్న: నాకు నచ్చిన తోడు పుస్తకాన్ని తెలుగులోకి అనువదించి స్నేహితులకు పీడీఎఫ్ పంచుదామనుకుంటున్నాను. డబ్బు తీసుకోను. తప్పా? – ఇందిరానగర్

జవాబు: అనుమతి లేకుండా తప్పే. డబ్బు తీసుకోకపోవడం ఇక్కడ రక్ష కాదు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం అనువాద హక్కు కూడా రచయితదే, ఆయన పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా వారసులది. ఉదాహరణకు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ 1973లో పోయాడు, ఇక్కడ ఆయన పుస్తకాలకు 2033 చివరిదాకా హక్కులుంటాయి. మీ అభ్యాసం కోసం నోటుబుక్కులో అనువదించుకోండి. ‘స్లో రిగార్డ్’ అయితే ముందే చెబుతున్నాం, గదుల పేర్ల దగ్గరే వారం పడుతుంది.

ప్రశ్న: ‘ది సిల్మరిలియన్’ తోడు పుస్తకమేనా? మధ్యలో మూడుసార్లు వదిలేశాను. – కోరమంగళ

జవాబు: కాదు. టోల్కీన్ పోయాక 1977లో కొడుకు క్రిస్టఫర్ కూర్చి తెచ్చినా, ఆ రచన ‘హాబిట్’ కన్నా ముందే మొదలైంది. అదే అసలు చెట్టు, మనం ముందుగా చదివే ‘హాబిట్’ లాంటివి కొమ్మలు. మీకు సన్నది కావాలంటే 1962 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ టామ్ బాంబడిల్’ వెతకండి. పదహారు పద్యాలు, పాలీన్ బెయిన్స్ బొమ్మలు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో కనబడే టామ్ ఉన్నవి మొదటి రెండే, మిగతా పద్నాలుగింట్లో ఆయన కోసం వెతక్కండి.